పలక కన్నా ముందు పరిశీలన

ముందు పలక, తర్వాత పుస్తకం, హైస్కూలుకు వచ్చాక ల్యాబు. మన బడుల్లో సైన్సు చాలాకాలం నడిచిన వరస ఇది. మూడు నాలుగేళ్ల పిల్లలకు సైన్సేమిటి అన్నవాళ్లే ఎక్కువ. ఆ వరసను తిరగేయాలని వాదించినవారి చరిత్ర కూడా దాదాపు రెండు శతాబ్దాల నాటిది.

జర్మనీలో విద్యావేత్త ఫ్రోబెల్ 1837లో చిన్నపిల్లల కోసం బడి తెరిచి ఉన్ని బంతులు, చెక్క గోళం, ఘనం, స్తూపం వంటివి వాళ్ల చేతికిచ్చారు. ఏది దొర్లుతుందో, ఏది నిలబడుతుందో పిల్లలే ఆడి తెలుసుకున్నారు. 1907లో రోమ్‌లోని ఒక పేదల వాడలో మరియా మాంటిస్సోరి ఇంకో అడుగు వేశారు. బరువు, గరుకు, చప్పుడు వంటివాటిని వేళ్లతో, చెవులతో పోల్చి చూసుకునే సామగ్రిని తయారుచేశారు. 1939లో ఆమె మద్రాసు అడయారుకు వచ్చి ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చారు. ఇప్పటి శ్రీకాకుళం జిల్లాలోని టెక్కలి, నౌపడ ప్రాంతాలు కూడా అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీలోవే. కానీ ఖరీదైన ఆ సామగ్రి పల్లె బడికి అందేది కాదు.

ఈ చిక్కు విప్పినవారు మనవాళ్లే. గిజుభాయి బధేకా 1920లో భావనగర్‌లో బాలమందిరం నెలకొల్పి మాంటిస్సోరి పద్ధతిని మన వాతావరణానికి మలిచారు. ఆయనతో కలిసి పనిచేసిన తారాబాయి మోదక్ 1945లో మహారాష్ట్ర తీరగ్రామం బోర్డిలో పని మొదలుపెట్టారు. పిల్లలు బడికి రాకపోతే బడినే వాళ్ల వాకిట్లోకి తీసుకెళ్లారు. కొన్న సామాను బదులు ఆకులు, గింజలు, గవ్వలు వాడారు. అంగన్‌వాడీ ఆలోచనకు మూలం అక్కడుంది. 1975 అక్టోబరు 2న కేంద్రం 33 ప్రాజెక్టులతో సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం (ఐసీడీఎస్) ప్రారంభించినప్పుడు పౌష్టికాహారం, టీకాలతో పాటు పూర్వ ప్రాథమిక విద్య కూడా అందులో చేరింది. ఆచరణలో కోడిగుడ్డు, పాలు, రిజిస్టర్లు ముందుకొచ్చి ఆట వెనక్కిపోయింది.

తెలుగునాట 1988లో పుట్టిన జన విజ్ఞాన వేదిక, దాని ‘చెకుముకి’ పత్రిక, కుప్పంలో అగస్త్య ఫౌండేషన్ చేతులతో చేసి చూసే సైన్సును ఊళ్లకు తెచ్చాయి. అయితే వాటి దృష్టి ఎక్కువగా బడి ఈడు పిల్లల మీదే. 2020 జాతీయ విద్యావిధానం మూడు నుంచి ఎనిమిదేళ్ల వయసును ఒకే పునాది దశగా గుర్తించింది. 2023 ఫిబ్రవరిలో ఆటబొమ్మలు, పజిళ్లతో ‘జాదూయీ పిటారా’ పెట్టె వచ్చింది. మంచిదే. కానీ బోర్డి చెప్పిన పాఠం వేరు: పెట్టె రాకముందే సామగ్రి ఊళ్లో ఉంటుంది.

శ్రీకాకుళం జిల్లా సంతబొమ్మాళి మండలం మూలపేటనే చూడండి. 2023లో ఓడరేవుకు శంకుస్థాపన జరిగిన ఈ తీరానికి దగ్గర్లోనే నౌపడ ఉప్పుమళ్లు ఉన్నాయి. ఎండకు నీరు ఆవిరై ఉప్పు మిగలడం అక్కడ ఏటా కళ్లముందు జరిగే ప్రయోగం. ఒక కొబ్బరి చిప్పలో ఉప్పునీరు, మరోదానిలో మంచినీరు పోసి ఎండలో పెడితే నాలుగేళ్ల పిల్ల కూడా ఏది ఏం మిగిల్చిందో చెబుతుంది. ఉద్దానం ప్రాంతపు పిల్లలు చేసే కొబ్బరాకు బూరలో శబ్దం ఉంది. ఊదుతుంటే ఆకు వణకడం పెదవికే తెలుస్తుంది. పీచుతో ఉన్న కొబ్బరికాయ నీళ్లలో ఎందుకు తేలుతుందన్నది మరో ఆట. టెక్కలి దగ్గరి తేలినీలాపురం గూడబాతుల ముక్కు చూస్తే అవి ఏం తింటాయో ఊహించవచ్చు. పలాస జీడిపిక్కలు మాత్రం పసిచేతులకు ఇవ్వకూడదు. వాటి తొక్కలోని నూనె తగిలితే చర్మం పొక్కుతుంది. చిన్న గింజలు నోట్లో, ముక్కులో పెట్టుకోకుండా పెద్దలు పక్కనే ఉండాలి.

ఈ చరిత్రంతటిలో వస్తువులు మారాయి, పేర్లు మారాయి. మారనిది ఒక్కటే: పిల్లల ఊహను వినే పెద్దమనిషి అవసరం. అంగన్‌వాడీ టీచర్లకు శిక్షణ ఇచ్చేటప్పుడు కొత్త పెట్టెతో పాటు ఆ ఓపికకూ గంటలు కేటాయించాలి. ఇంట్లో తల్లిదండ్రులు చేయాల్సింది ఇంకా తేలిక. బిడ్డ ‘ఎందుకు?’ అని అడిగితే వెంటనే జవాబు చెప్పేయకండి. ‘నువ్వేమనుకుంటున్నావు? చేసి చూద్దాం రా’ అనండి.