అతుక్కున్న మాయ, దూసుకుపోయిన మాయ

మనం మాయ, మావి అనేదాన్ని వైద్యులు ప్లసెంటా అంటారు. ఆ లాటిన్ మాటకు చదునైన రొట్టె అని అర్థం. దాని పక్కన చేరే అక్రీటా అంటే అతుక్కుని పెరిగినది, ఇంక్రీటా లోపలికి పెరిగినది, పెర్క్రీటా గోడ దాటి అవతలికి పెరిగినది. తెలుగులో మూడింటికీ ‘మాయ అతుక్కుపోయింది’ అనేస్తాం. అది చాలదు. పాత సిజేరియన్ మచ్చకు ఆనుకునే మూత్రాశయం ఉంటుంది. మచ్చలో పాతుకున్న మాయ గర్భసంచి గోడను దాటితే ముందు తగిలేది మూత్రాశయానికే.

పెర్క్రీటాను ‘దూసుకుపోయిన మాయ’ అంటే గర్భిణి బెదిరిపోదా అనవచ్చు. కానీ ముందే తెలిస్తేనే కాన్పు రోజున రక్తం సిద్ధంగా ఉంటుంది, యూరాలజిస్టు పక్కనే ఉంటారు. మూత్రంలో ఎరుపు లేదని నిశ్చింత వద్దు. మాయ మూత్రాశయం దాకా వెళ్లినా చాలామందిలో అది కనిపించదు. సిజేరియన్ అయ్యాక మళ్లీ గర్భం దాల్చినవారు, మాయ ఎక్కడుందో స్కానింగ్‌లో అడిగి తెలుసుకోండి.