నారాయణపేట బొంతలు

నారాయణపేట చీరెకు చరిత్ర గలదు. గళ్ల నేతకును, అంచుకును పేరొందిన ఆ చేనేత చీరెకు 2012-13లో భౌగోళిక గుర్తింపు లభించినది. ఊరు 2019లో జిల్లా కేంద్రమైనది. అయితే ఆ నూలు చీరె చిరిగిన పిదప ఏమైనదో ఎవరు వ్రాసిరి? అది మా ఇండ్లలో బొంతయైనది.

కన్నడ సరిహద్దు ఊరగుటచేత మేము బొంత అనునదే కన్నడము మాటలాడువారికి కౌది, మరాఠీవారికి గోధడి. పేరేదైనను పని ఒక్కటే. ఉతికిన పాత చీరె నేలమీద పరచి, పంచెలు, చిరుగు ముక్కలు పొరలుగా సర్ది, పైన మరియొక చీరె కప్పి, కదలకుండ అంచులకు రాళ్లు పెట్టుదురు. నలుగురు చుట్టు కూర్చుండి అంచునుండి నడిమికి కుట్టుకొనుచు వత్తురు. కొత్త గుడ్డ పనికిరాదు; ఎన్నో ఉతుకులు పడి మెత్తబడిన నూలులోనే సూది సాఫీగా దిగును. నైలాను, పాలియెస్టరు చీరెలు వచ్చిన పిదప ఈ పని వెనుకబడుటకు ఇదియు ఒక కారణమని మా తలంపు.

అవ్వలు సగము కుట్టి విడిచిన బొంతలు కొన్ని ఇండ్లలో ఇంకను పెట్టెలలో ఉన్నవి. కొన్నిటిని పాత బట్టలతోబాటు స్టీలు గిన్నెలవానికి వేసినవారమును మేమే. మిగిలినవి పూర్తి చేయబూనినవారు, వంకర కుట్లని పాతవి విప్పవద్దు. చూపు తగ్గిన అవ్వ చేయి ఎక్కడ ఆగినదో అక్కడనే మీ దారము ముడివేయుడి. రంగు కలియకున్నను ఫరవాలేదు. అవ్వ వరుస ఏదో, అమ్మ వరుస ఏదో పిల్లలు వ్రేలు పెట్టి చూపగలరు.