కారు తలుపు బిగుసుకుపోవడం

హ్యాండిల్ లాగినా, తాళం తీసినా కారు తలుపు తెరుచుకోకపోవడం. తలుపు అంచున ఉండే లాచ్ కారు బాడీకి బిగించిన ఇనుప కొక్కేన్ని పట్టుకుని ఉంటుంది. హ్యాండిల్ లాగినప్పుడు సన్నని కడ్డీ గానీ కేబుల్ గానీ ఆ పట్టును వదిలిస్తుంది. ఈ వరుసలో ఎక్కడ తెగినా, తుప్పు పట్టినా, దుమ్ముతో గ్రీజు గట్టిపడినా తలుపు కదలదు.

వెనుక తలుపు లోపలి నుంచి మాత్రమే రాకపోతే ముందు చైల్డ్ లాక్ చూడాలి. చాలాసార్లు అది లోపమే కాదు. బయటి హ్యాండిల్ ఒక్కటే పనిచేయకపోతే కడ్డీ ఊడి ఉండవచ్చు. లోపలి, బయటి హ్యాండిళ్లు రెండూ పనిచేయకపోతే లాచ్‌నే అనుమానించాలి. బ్యాటరీ దిగిపోయి రిమోట్ పలకనప్పుడు, చాలా కార్లలో రిమోట్‌లోనే దాగి ఉండే తాళంచెవితో డ్రైవర్ తలుపు తెరవవచ్చు. లాచ్ బిగిసినప్పుడు ఒకరు తలుపును లోపలికి గట్టిగా నొక్కుతుంటే మరొకరు హ్యాండిల్ లాగాలి. కొక్కెం మీద ఒత్తిడి తగ్గి పట్టు వదలవచ్చు. తెరుచుకున్నాక తుప్పు వదిలించే నూనె కొట్టి, గ్రీజు పెట్టాలి. అప్పటికీ మొరాయిస్తే లోపలి ప్యానెల్ విప్పడం మెకానిక్ పని. సైడ్ ఎయిర్‌బ్యాగులు, వైర్లు ఉన్నచోట స్క్రూడ్రైవర్‌తో పొడవడం ప్రమాదకరం.

లోపల ఎవరైనా ఉంటే తలుపు తెరుచుకోకపోవడం ప్రాణాల మీదికి వస్తుంది. 2025 మే నెలలో విజయనగరం జిల్లా ద్వారపూడిలో ఆడుకుంటూ కారెక్కిన నలుగురు పిల్లలు లోపలే చిక్కుకుని ఊపిరాడక చనిపోయారు. లోపల పిల్లలుంటే మెకానిక్ కోసం ఆగకండి. వాళ్లకు దూరంగా ఉన్న పక్క అద్దాన్ని మూలన కొట్టి పగలగొట్టండి, 112కు ఫోన్ చేయండి.