8 ఏళ్ల సర్వీసు, 38 డాలర్ల పింఛను

ప్రత్యేక సంచికకు చరిత్రకు సంబంధించిన విషయం ఏదైనా రాయమని సంపాదకవర్గం వారు కోరారు. నా సర్వీసులో ఎక్కువ భాగం పెన్షన్ సెక్షన్‌లో గడిచింది. సాయంత్రాలు సంగీతం వినడం పాత అలవాటు. ఈ రెండు విషయాలూ ఒక్కచోట కలిసిన జీవితం ఒకటి నాకు తెలుసు. దాన్నే సభ్య మిత్రుల ముందు ఉంచుతున్నాను.

ఆయన పేరు ఆర్నాల్డ్ షోన్‌బెర్గ్. 20వ శతాబ్దంలో పాశ్చాత్య శాస్త్రీయ సంగీతపు నడకను మార్చిన స్వరకర్త. అమెరికాలో యూనివర్సిటీ ప్రొఫెసరుగా 1944లో రిటైరైతే ఆయనకు వచ్చిన పింఛను నెలకు 38 డాలర్లు.

1874 సెప్టెంబరు 13న వియన్నాలో ఒక యూదు కుటుంబంలో పుట్టారు. తండ్రి త్వరగా కన్నుమూయడంతో కుర్రతనంలోనే బ్యాంకులో గుమాస్తాగా చేరారు. సంగీతం చాలావరకు సొంతంగా నేర్చుకున్నదే. జెమ్లిన్‌స్కీ అనే మిత్రుడు కొన్ని పాఠాలు చెప్పారు, అంతే. 1913 ఫిబ్రవరిలో ఆయన పెద్ద రచన 'గుర్రెలీడర్' విని వియన్నా జనం చప్పట్లతో హోరెత్తించారు. నెల తిరిగేసరికి, మార్చి 31న, అదే ఊళ్లో ఆయన నడిపిన కచేరీలో శ్రోతలు చేయిచేసుకునేదాకా వెళ్లి కార్యక్రమం మధ్యలోనే ఆగిపోయింది.

అంత కోపం ఎందుకంటే, ఆయన ఆధార స్వరాన్ని వదిలేశారు. పన్నెండు స్వరస్థానాలు మనకు కొత్త కాదు. వాటిలో షడ్జమం మూలం. తంబురా దాన్ని మోగిస్తూ ఉంటేనే మిగతావి రిషభాలు, గాంధారాలు అవుతాయి. పాశ్చాత్యుల రచనకూ అలాగే ఒక ఇంటి స్వరం ఉండేది, పాట ఎటు తిరిగినా అక్కడికే చేరేది. షోన్‌బెర్గ్ 1908 ప్రాంతంలో దాన్ని విడిచి, 1920ల మొదట్లో కొత్త పద్ధతి ఏర్పరిచారు. పన్నెండు స్వరాలనూ స్వరకర్త తనకు నచ్చిన వరుసలో పేర్చుకుంటాడు, రచన అంతా ఆ వరుస నుంచే పుడుతుంది. వరుసను ముందు నుంచి వెనక్కి, వెనక నుంచి ముందుకు, తలకిందులుగా, ఆ తలకిందులును మళ్లీ వెనక నుంచి వాడవచ్చు. నాలుగు రూపాలు, పన్నెండు ఆరంభ స్థానాలు, వెరసి 48. డెబ్బై రెండు మేళకర్తల లెక్క తెలిసిన మనకు ఈ లెక్కతో బెదురు లేదు గానీ, వినడం వేరు సంగతి. నా చెవికి 1899లో ఆయన ఆరు తంత్రీ వాద్యాలకు రాసిన రచనే ఇప్పటికీ హాయిగా ఉంటుంది. తర్వాతివాటిని గౌరవంతో వింటాను.

ఇక సర్వీసు విషయానికి వస్తాను. 1925లో బెర్లిన్‌లోని ప్రష్యన్ అకాడెమీ ఆఫ్ ఆర్ట్స్ వారు స్వర రచన నేర్పే ఆచార్యునిగా నియమించారు. ఆయన చేసిన ఉద్యోగాల్లో అంత గౌరవమైనది మరొకటి లేదు. 1933లో నాజీలు అధికారంలోకి వచ్చారు. ఏప్రిల్ 7న యూదులను ప్రభుత్వోద్యోగాల నుంచి తీసేసే చట్టం చేసి, దానికి ఉద్యోగ వ్యవస్థ 'పునరుద్ధరణ' అని పేరు పెట్టారు! కాంట్రాక్టు గడువు తీరకుండానే షోన్‌బెర్గ్ ఉద్యోగం పోయింది. మేలో పారిస్ చేరారు. జులైలో అక్కడి యూదు ప్రార్థనాలయంలో, యువకుడిగా ఉన్నప్పుడు విడిచిన తన మతంలోకి తిరిగి వెళ్లారు. అక్టోబరులో భార్యతో, పసిబిడ్డతో అమెరికా ఓడ ఎక్కారు.

బోస్టన్‌లో ఒక చిన్న సంగీత పాఠశాలలో ఏడాది పనిచేశారు. అక్కడి చలికి ఉబ్బసం పెరిగి లాస్ ఏంజిలిస్ తరలివెళ్లారు. 1936లో అక్కడి కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ప్రొఫెసరుగా చేరేనాటికి ఆయనకు 62 ఏళ్లు. ఆంధ్రప్రదేశ్‌లో ఇప్పుడు ఉద్యోగులు రిటైరయ్యే వయసు అది. తాను కనిపెట్టిన పద్ధతిని అక్కడ తరగతిలో బోధించలేదు. బాక్, మొజార్ట్, బీథోవెన్, బ్రామ్స్ రచనలే విప్పి చూపించారు. ప్రారంభకుల కోసం సులువైన అభ్యాస పుస్తకం రాశారు. తర్వాత పేరు మోసిన జాన్ కేజ్ ఆయన శిష్యుడే.

70 నిండగానే నిబంధన ప్రకారం రిటైర్మెంటు. ఆ విశ్వవిద్యాలయంలో సర్వీసు 8 ఏళ్లు మాత్రమే. బెర్లిన్ ఏళ్లు ఏ లెక్కలోకీ రాలేదు. అదీ 38 డాలర్ల కథ. మన రూల్స్ ప్రకారమైతే 10 ఏళ్ల క్వాలిఫయింగ్ సర్వీసు లేనివారికి నెలవారీ పింఛనే ఉండదు, సర్వీస్ గ్రాట్యుటీతో సరిపెడతారు. అలాంటి ఫైళ్లు నేనూ చూశాను. లెక్క తప్పు ఉండదు, సంతకం పెట్టడానికి మాత్రం చెయ్యి రాదు. ఇంట్లో భార్య, ముగ్గురు పిల్లలు. పెద్దమ్మాయికి 12, అబ్బాయిలకు 7, 3.

1945 జనవరిలో గుగ్గెన్‌హైమ్ ఫౌండేషన్ వారికి దరఖాస్తు పెట్టుకున్నారు. పింఛను ఎంతో, ఇంట్లో ఎవరెవరున్నారో దాచకుండా రాశారు. 'మోజెస్ ఉండ్ ఆరోన్' అనే ఒపేరాను, 'జాకబ్ నిచ్చెన' అనే మరో రచనను, కొన్ని పాఠ్యగ్రంథాలను పూర్తి చేయడానికి సహాయం అడిగారు. మంజూరు కాలేదు.

ఇంటి దగ్గర ప్రైవేటు పాఠాలు చెప్పుకుంటూ గడిపారు. 1946 ఆగస్టులో గుండె ఆగినంత పనైతే ఇంజెక్షన్‌తో తిరిగి కొట్టుకుంది. కొద్ది వారాల్లోనే మూడు తంత్రీ వాద్యాలకు ఒక రచన ముగించారు. 1947లో వార్సా యూదుల మారణకాండ మీద రాసిన ఆరేడు నిమిషాల రచన విన్నవారెవరికైనా, షడ్జమం ఉన్నా లేకపోయినా, ఒళ్లు గగుర్పొడుస్తుంది.

ఆయనకు 13 అంకె అంటే భయం. 1951 జులై 13, శుక్రవారం రాత్రి పొద్దుపోయాక కన్నుమూశారు. ఆయన పనిచేసిన విశ్వవిద్యాలయం తర్వాత తన సంగీత భవనానికి ఆయన పేరు పెట్టింది.

ఆ ఒపేరాలో రెండు అంకాలకు సంగీతం 1932లోనే సిద్ధమైంది. 1957లో జ్యూరిచ్‌లో మొదటిసారి రంగస్థలం ఎక్కినప్పుడు ఆ రెండు అంకాలే ఆడారు. మూడో అంకానికి ఆయన రాసిపెట్టిన మాటలున్నాయి, సంగీతం లేదు.