గేరు మార్పిడి

గేరు మార్పిడి అనగా చేతితో గేర్లు వేసే కారులో ఒక గేరు నుండి మరొక గేరుకు మారే క్రియ. క్లచ్, గేరు రాడ్డు, యాక్సిలరేటరు అనే మూడింటినీ చోదకుడు పొందికగా వాడినప్పుడు ఈ మార్పు కారులో కూర్చున్నవారికి తెలియనే తెలియదు. పొందిక తప్పినప్పుడు బండి కుదుపుతుంది. సామాన్యమైన కారులో ఈ కుదుపు కొద్దిపాటి అసౌకర్యం మాత్రమే. బరువు తక్కువ, శక్తి ఎక్కువ ఉండి, వెనుక చక్రాలతో నడిచే స్పోర్ట్స్ కారులో మాత్రం తడిరోడ్డు మలుపులో కలిగిన ఒక్క కుదుపు కారు వెనుక భాగాన్ని పక్కకు విసరగలదు. అందుచేత నునుపుగా గేరు మార్చడాన్ని ఈ కార్లలో భద్రతకు సంబంధించిన విద్యగా పరిగణిస్తారు.

కుదుపునకు కారణం

ఇంజను నిమిషానికి సుమారు 800 చుట్లకు తక్కువగా తిరిగితే ఆగిపోతుంది. 6,000 లేక 7,000 చుట్లు దాటితే దెబ్బ తింటుంది. చక్రాలు మాత్రం నిశ్చల స్థితి మొదలు గరిష్ఠ వేగం వరకు తిరగవలసి ఉంటుంది. ఈ రెండింటికీ పొత్తు కుదిర్చేవి గేరుపెట్టెలోని పళ్ళచక్రాలు. ఇంజనుకు, గేరుపెట్టెకు నడుమ క్లచ్ ప్లేటు ఉంటుంది. క్లచ్ పెడల్ తొక్కినప్పుడు ప్లేటు విడిపోయి ఇంజను ఒంటరిగా తిరుగుతుంది. పెడల్ వదిలినప్పుడు తిరిగి అతుక్కుంటుంది.

అతుక్కునే క్షణంలో ఇంజను వేగమూ, కొత్త గేరు కోరే వేగమూ సమానంగా ఉంటే ఏ కుదుపూ ఉండదు. తేడా ఉన్నట్లయితే ఆ తేడా మొత్తం రాపిడి రూపంలో క్లచ్ ప్లేటు భరించాలి, కుదుపు రూపంలో ప్రయాణికులు భరించాలి. కదులుతున్న బస్సు ఎక్కేవాడు ముందుగా బస్సుతో పాటు నాలుగడుగులు పరుగెత్తి, ఆ వేగాన్ని అందుకొని, తరువాత కడ్డీ పట్టుకుంటాడు. నిలుచున్న చోటునుండే కడ్డీ పట్టుకున్నవాని భుజం ఏమవుతుందో ఊహించవచ్చును. (బస్సు కదులుతుండగా ఎక్కడం తగదన్నది వేరే సంగతి.) గేరు మార్పిడిలో నేర్చుకోవలసినదంతా ఈ వేగాన్ని అందుకోవడమే.

ఒక లెక్క

1989లో విడుదలైన మాజ్డా ఎంఎక్స్-5 అనే జపాను రెండు సీట్ల కారు చేతి గేర్ల స్పోర్ట్స్ కార్లకు చక్కని ఉదాహరణ. మొదటి తరం కారు ఐదు గేర్ల నిష్పత్తులు వరుసగా 3.136, 1.888, 1.330, 1.000, 0.814. మూడవ గేరులో ఇంజను 3,000 చుట్లు తిరుగుతున్నప్పుడు ఈ కారు గంటకు సుమారు 57 కి.మీ. వేగంతో పోతుంది. అదే వేగంలో రెండవ గేరుకు దిగాలంటే 1.888ని 1.330తో భాగించగా వచ్చే 1.42 రెట్లు, అనగా సుమారు 4,260 చుట్లు కావాలి. ఆ 1,260 చుట్ల తేడాను చోదకుడు యాక్సిలరేటరుతో పూరించకుండా క్లచ్ వదిలినట్లయితే, చక్రాలే ఇంజనును ఈడ్చి ఆ వేగానికి తీసుకొని రావాలి. వెనుక చక్రాలకు ఆ క్షణంలో హఠాత్తుగా బ్రేకు వేసినట్లు అవుతుంది.

పై గేరుకు పోయేటప్పుడు లెక్క తిరగబడుతుంది. మొదటి గేరులో 4,000 చుట్ల వద్ద ఉన్న ఇంజను రెండవ గేరుకు సుమారు 2,400కు దిగాలి. యాక్సిలరేటరు వదిలితే ఇంజను దానంతట అదే మందగిస్తుంది కనుక ఇక్కడ చేయవలసినదల్లా దానికి కొంచెం వ్యవధి ఇవ్వడమే. పైకి మార్చడం సులభమనీ, కిందికి మార్చడం కష్టమనీ నేర్చుకునేవారు చెప్పుకోవడానికి కారణం ఇదే.

చరిత్ర

1891లో ఫ్రాన్సుకు చెందిన ఎమిల్ లెవాసర్ ముందు ఇంజను, ఆ వెనుక క్లచ్, గేరుపెట్టె, చివర చోదక చక్రాలు అనే అమరికతో పనార్ లెవాసర్ కారును రూపొందించాడు. అందులో పళ్ళచక్రాలు ఇరుసు మీద జరిగి ఒకదానిలో మరొకటి నేరుగా దూరేవి. వేగాలు కలవకపోతే పళ్ళు గరగరలాడేవి, ఒక్కొక్కసారి విరిగేవి. 1928లో అమెరికాకు చెందిన ఎర్ల్ థాంప్సన్ రూపకల్పనతో కాడిలాక్ సంస్థ సింక్రోమెష్ గేరుపెట్టెను ప్రవేశపెట్టింది. పళ్ళు కలవడానికి ముందే శంకువు ఆకారపు చిన్న ఉంగరం ఒకటి ఒరుసుకొని రెండు భాగాల వేగాలనూ సమం చేయడం దీని సూత్రం. సింక్రోమెష్ గేరుపెట్టెలోని వేగాలను మాత్రమే కలుపుతుంది. ఇంజను వేగాన్ని కలపవలసిన బాధ్యత చోదకునిదే. ఈ భేదం చాలామంది గమనించరు.

భారతదేశంలో అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని కార్ల తొలి నమూనాలలో గేరు రాడ్డు స్టీరింగు పక్కన ఉండేది. మొదటి గేరుకు సింక్రోమెష్ ఉండేది కాదు. కదులుతున్న బండిని మొదటి గేరులోకి దించాలంటే డబుల్ క్లచ్ తప్పనిసరి. పాత లారీలు, బస్సులలో అన్ని గేర్లకూ ఇదే పద్ధతి వాడవలసి వచ్చేది. ఆనాటి లారీ డ్రైవర్లు మీటర్లు చూడకుండా కేవలం ఇంజను శబ్దాన్ని బట్టి వేగాలు కలిపేవారు. నేటి స్పోర్ట్స్ కారు చోదకుడు పందెపు బాటపై నేర్చుకునే విద్య ఒకనాటి లారీ డ్రైవరుకు నిత్యకృత్యం.

పై గేరుకు మార్చు విధానం

యాక్సిలరేటరు వదలడం, క్లచ్ తొక్కడం దాదాపు ఒకేసారి జరగాలి. క్లచ్ ముందు తొక్కితే ఇంజను గట్టిగా అరుస్తుంది. యాక్సిలరేటరు మరీ ముందుగా వదిలితే బండి ముందుకు వంగుతుంది. రాడ్డును పిడికిలితో బిగించి లాగరాదు. అరచేతితో నెట్టి, న్యూట్రల్ వద్ద లిప్తపాటు నిదానించి, తరువాతి గేరులోకి పోనివ్వాలి. రాడ్డు మొరాయించినట్లయితే వేగాలు ఇంకా కలవలేదని అర్థం. బలప్రయోగం వలన ఉంగరం అరుగుతుంది తప్ప ప్రయోజనం లేదు. తరువాత క్లచ్ పట్టుకునే చోటు వరకు పెడల్‌ను త్వరగా, అక్కడినుండి నెమ్మదిగా వదులుతూ యాక్సిలరేటరును తిరిగి అందించాలి.

కింది గేరుకు మార్చు విధానం

క్లచ్ తొక్కి ఉండగానే యాక్సిలరేటరును ఒక్కసారి తట్టి ఇంజను వేగాన్ని పెంచి, ఆ పెరిగిన వేగం పడిపోకముందే గేరు వేసి క్లచ్ వదలాలి. ఎంత తట్టాలన్నది పైన చెప్పిన లెక్క నిర్ణయిస్తుంది. ఆచరణలో మాత్రం ఎవరూ భాగహారం చేయరు. ఒక కారును కొన్నాళ్ళు నడిపితే చెవికి, పాదానికి ఆ కొలత అలవడుతుంది.

డబుల్ క్లచ్‌లో క్లచ్‌ను రెండుసార్లు తొక్కుతారు. మొదట తొక్కి న్యూట్రల్‌కు తెచ్చి వదలి, యాక్సిలరేటరు తట్టి, మరల తొక్కి కింది గేరు వేస్తారు. న్యూట్రల్‌లో క్లచ్ వదలినందున ఇంజనుతో పాటు గేరుపెట్టెలోని ఇరుసు కూడా వేగం అందుకుంటుంది. సింక్రోమెష్ ఉన్న కార్లలో ఇది తప్పనిసరి కాదు గాని ఉంగరాల ఆయుష్షును పెంచుతుంది.

మలుపునకు ముందు బ్రేకు వేస్తూనే గేరు దించవలసి వచ్చినప్పుడు మూడు పెడళ్ళకు రెండు కాళ్ళు చాలవు. అప్పుడు కుడి పాదం ముందు భాగంతో బ్రేకును నొక్కి ఉంచి, మడమతోగాని పాదం వెలుపలి అంచుతోగాని యాక్సిలరేటరును తడతారు. దీనిని మడమ–మునివేళ్ళ పద్ధతి అనవచ్చును. ఇందులో కష్టమైనది తట్టడం కాదు, తట్టే సమయంలో బ్రేకుపై ఒత్తిడి మారకుండా చూడటం. దీనిని మొదట ఆగి ఉన్న కారులోను, పిమ్మట ఖాళీ స్థలంలో తక్కువ వేగంతోను అభ్యసించాలి. బహిరంగ రోడ్డు ఇందుకు తగిన చోటు కాదు. వదులుగా ఉండే చెప్పులతో ఈ పద్ధతి ప్రమాదకరం.

తరచు జరిగే పొరపాట్లు

అన్నిటిలోకి నష్టకరమైనది తప్పు గేరు పడటం. పై ఉదాహరణలోని కారు మూడవ గేరులో 6,500 చుట్ల వద్ద ఉండగా నాలుగుకు బదులు రెండు పడితే ఇంజను 9,200 చుట్లకు పైగా తిరగవలసి వస్తుంది. ఆ వేగంలో ఇంజను క్షణంలో పాడవగలదు. ఇంజను హద్దు దాటకుండా ఇంధనాన్ని ఆపే ఏర్పాటు ఇక్కడ పనిచేయదు. ఇంజనును తిప్పుతున్నవి చక్రాలు గనుక. విదేశీ పుస్తకాలు చదివి నేర్చుకునేవారు ఒక విషయం గుర్తుంచుకోవాలి. ఎడమవైపు స్టీరింగు ఉండే దేశాలలో రాడ్డును తనవైపు లాక్కునే అలవాటు వలన రెండవ గేరు పడే ప్రమాదం ఉంది. మన దేశంలో చోదకుడు కుడివైపున కూర్చొని ఎడమచేతితో గేరు మారుస్తాడు కనుక, రాడ్డును తననుండి దూరంగా నెట్టినప్పుడు ఆ పొరపాటు జరుగుతుంది.

క్లచ్ పెడల్ మీద పాదం ఆనించి నడపడం వలన క్లచ్ బేరింగు, రాడ్డు మీద చేయి వేసి ఉంచడం వలన లోపలి ఫోర్కు అరుగుతాయి. ఇంధనం ఆదా అవుతుందని పల్లంలో న్యూట్రల్‌లో దొర్లించడం మరొక దురభ్యాసం. ఇంధనాన్ని చిమ్మే పద్ధతిలో పనిచేసే నేటి ఇంజన్లు గేరులో ఉండి యాక్సిలరేటరు వదలినప్పుడు ఇంధనాన్ని పూర్తిగా ఆపివేస్తాయి. న్యూట్రల్‌లోనైతే ఇంజను ఆగకుండా ఉండటానికి ఇంధనం ఖర్చవుతూనే ఉంటుంది. కనుక ఆదా అన్న మాట సరికాదు.

గోదావరి డెల్టాలో, కొండదారిలో

స్థలాన్ని బట్టి గేరు మార్పిడి అవసరాలు మారుతాయనడానికి గోదావరి ప్రాంతం మంచి ఉదాహరణ. పంచారామ క్షేత్రాలలో ఒకటైన ద్రాక్షారామం పరిసరాలు పూర్తిగా చదునైన డెల్టా భూములు. రామచంద్రపురం, కోటిపల్లి, యానాం వైపు పోయే దారులలో ఎత్తు అంటే కాలువ వంతెనలు ఎక్కి దిగడమే. ఈ ప్రాంతంలో స్పోర్ట్స్ కార్లు అరుదే గాని వరిధాన్యం ట్రాక్టర్లు, కొబ్బరి లారీలు, సైకిళ్ళు, పశువులు సాగే ఇరుకు రోడ్లపై ఏ కారుకైనా రెండు, మూడు గేర్ల మధ్య మార్పు పదేపదే అవసరమవుతుంది. కార్తీక మాసంలోను, మహాశివరాత్రికి భీమేశ్వరాలయానికి వచ్చే వాహనాల రద్దీలోను ఎక్కువసేపు హాఫ్ క్లచ్‌లో పాకించడం వలన క్లచ్ ప్లేటు కాలిన వాసన రావడం కద్దు. ముందు బండి నాలుగైదు గజాలు కదిలేవరకు ఆగి, ఆపైన మొదటి గేరులో పూర్తిగా క్లచ్ వదలి ముందుకు పోవడం మేలు.

ఇలా చదును నేలపై నేర్చుకున్న చోదకునికి అసలు పరీక్ష రాజమండ్రి నుండి సుమారు 85 కి.మీ. దూరంలోని మారేడుమిల్లి దాటిన తరువాత, చింతూరు వైపు దిగే ఘాట్ రోడ్డులో ఎదురవుతుంది. పల్లంలో పై గేరులో పోతూ బ్రేకుల మీదనే ఆధారపడితే అవి వేడెక్కి పట్టు కోల్పోతాయి. కింది గేరులో ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది. ఏ గేరులో ఎక్కవలసి వస్తుందో ఆ గేరులోనే దిగాలని అనుభవజ్ఞులైన డ్రైవర్లు చెబుతారు. గేరు వాలు మొదలుకాకముందే దించాలి. వేగం పెరిగిన తరువాత దించబోతే గేరు పడక బండి న్యూట్రల్‌లో మిగిలిపోయే ప్రమాదం ఉంది. కేంద్ర మోటారు వాహనాల నియమావళి, 1989లోని 15వ నియమం లైసెన్సు పరీక్షలో చూడవలసిన అంశాలలో పల్లంలో త్వరగా కింది గేర్లకు మార్చడాన్ని, నిటారు ఎత్తులో బండి వెనుకకు జారకుండా ఆపి తిరిగి నడపడాన్ని చేర్చింది. కొండలేని డెల్టాలో రెండవదానిని అభ్యసించడానికి కాలువ వంతెన ఎక్కుడు ఒక్కటే ఆధారం. మొదటిదానికి ఆ ఆధారం కూడా లేదు.

చేతి గేర్ల తగ్గుదల

1989 బ్రెజిల్ గ్రాండ్ ప్రీలో నైజెల్ మాన్సెల్ నడిపిన ఫెరారీ స్టీరింగు వెనుకనున్న మీటలతో గేర్లు మార్చుకుంటూ గెలిచింది. కొద్ది సంవత్సరాలలోనే ఫార్ములా 1లో చేతి గేర్లు అంతరించాయి. 2010వ దశకంలో ఫెరారీ, లంబోర్గిని సంస్థలు అమ్మకపు కార్లలో కూడా వాటిని విడిచిపెట్టాయి. మీటలు, కంప్యూటరు మనిషికన్నా వేగంగా, తప్పు లేకుండా గేరు మార్చగలవు. ఆ విషయంలో వాదనకు తావు లేదు. అయినా 2013లో పోర్షే 911 జీటీ3ని చేతి గేర్లు లేకుండా విడుదల చేయగా అభిమానులు అసంతృప్తి చెందడంతో 2017లో ఆ సంస్థ వాటిని తిరిగి ఇచ్చింది.

భారతదేశంలో 2014లో మారుతి సెలెరియోతో క్లచ్ పెడల్ లేని చవకైన కార్లు వ్యాప్తిలోకి వచ్చాయి. తెలుగు నేలపై ప్రపంచ ఛాంపియన్‌షిప్ హోదా గల కారు పందెం 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్ సాగర్ తీరాన జరిగింది. అది విద్యుత్ కార్ల ఫార్ములా ఇ పందెం. జాన్ ఎరిక్ వెర్న్ గెలిచిన ఆ పందెంలో ఏ చోదకుడూ గేరు మార్చలేదు. ఆ కార్లకు ఉన్నది ఒకే గేరు.