తార్నాకలో ఊగని డోలకం

ఉస్మానియాలో చదివే రోజుల్లో తార్నాక గదిలో ట్రెమలో పెడల్ ఒకటి కట్టుకున్నాను. గిటారు పలికేది గాని స్వరం ఊగేది కాదు.

దానంతట అది ఊగే ఏ వలయానికైనా జర్మను శాస్త్రజ్ఞుడు బార్క్‌హౌజెన్ 1921లో చెప్పిన నియమమే శాసనం: చుట్టి వచ్చిన సంకేతం బలం తగ్గకుండా, అదే దశలో తిరిగి చేరాలి. (పరీక్షలో రాసి మార్కులు కొట్టేసిన సూత్రమే!) మూడు ఆర్‌సీ మెట్ల డోలకంలో ఆ మెట్లే 29 వంతుల్లో 28 మింగేస్తాయి. కనుక ట్రాన్సిస్టరు కనీసం 29 రెట్లు పెంచాలి.

వాల్తేరులో అతిధ్వనులపై పరిశోధనలు నడిపి, 1952-57లో ఉస్మానియా ఉపకులపతిగా ఉన్న సూరి భగవంతంగారి తరం క్వార్ట్‌జు పలకలను ఊపిందీ ఈ నియమంతోనే. అప్పుడు వాల్వులు, అంతే తేడా.

నా దోషం ఎమిటరు కెపాసిటరుది. నాన్న పాత రేడియోలోంచి ఊడదీసినది. ఎండిపోయి పెంపును పడగొట్టింది. కోఠీ నుంచి కొత్తది తెచ్చి టంకం పెట్టాక స్వరం ఊగింది. పాతదాన్ని మాత్రం పారవేయలేకపోయాను.