అబైడోస్ దూలం మీద హెలికాప్టర్ ఎలా వచ్చింది?

ఈజిప్టులో లక్సర్‌కు ఉత్తరాన, నైలు నదికి పడమటి వైపున అబైడోస్ అనే పాత పుణ్యక్షేత్రం ఉంది. చనిపోయి మళ్లీ బతికిన దేవుడు ఒసిరిస్ సమాధి అక్కడే ఉందని పూర్వపు ఈజిప్షియన్ల నమ్మకం. మొదటి సేతి అనే ఫారో అక్కడ కట్టించిన గుడిలో, స్తంభాల మండపం పైభాగాన, మెడ వెనక్కి వాల్చి చూస్తే తప్ప కనిపించని రాతి దూలం ఒకటుంది. దాని మీద పైన తిరిగే రెక్క, వెనక సాగిన తోక, ముందు గుండ్రటి ముక్కు ఉన్నట్టు ఒక ఆకారం చెక్కి ఉంటుంది. చూడగానే ఎవరికైనా హెలికాప్టరే గుర్తుకొస్తుంది. దాని పక్కన జలాంతర్గామిలాంటిది ఒకటి, గ్లైడర్ లాంటిది ఇంకొకటి.

ఇంటర్నెట్ వచ్చినప్పటి నుంచి ఈ చెక్కడం ఫొటో ప్రపంచమంతా తిరుగుతోంది. తెలుగు యూట్యూబ్ వీడియోల్లోనూ దీన్ని చూపించి, 3,300 ఏళ్ల కిందటే విమానాలు ఎగిరాయని, ఆ విజ్ఞానం తర్వాత నశించిపోయిందని చెబుతున్నారు. చూసినవాళ్లు నమ్మడంలో వింత లేదు. ఆ పోలిక నిజంగానే బలంగా ఉంది. అయితే ఆ దూలం మీద ఉన్నది బొమ్మ కాదు, రాత. 1822లో ఫ్రెంచ్ పండితుడు షాంపోలియన్ ఈజిప్టు చిత్రలిపి గుట్టు విప్పినప్పటి నుంచి ఇలాంటి రాతలను చదువుతూనే ఉన్నారు. ఇక్కడ రాసి ఉన్నది రాజుగారి బిరుదావళి.

ఫారోకు 5 రకాల పేర్లుండేవి. వాటిలో ఒకటి పుట్టినప్పుడు పెట్టిన పేరు, మిగతావి గద్దెనెక్కినప్పుడు స్వీకరించే బిరుదులు. సేతి బిరుదుల్లో ఒకటి ‘తొమ్మిది విల్లులను తరిమికొట్టినవాడు’ అని. తొమ్మిది విల్లులంటే ఈజిప్టుకు తరతరాలుగా ఉన్న శత్రువులందరూ. సేతి బతికుండగా శిల్పులు ఆ బిరుదును దూలం మీద చెక్కారు. క్రీ.పూ. 1279 ప్రాంతంలో ఆయన పోయేనాటికి గుడి పూర్తి కాలేదు. ఆ పనిని కొడుకు రెండో రామ్సెస్ చేతికి తీసుకున్నాడు. దూలం మీది పాత అక్షరాలను గచ్చుతో పూడ్చి, వాటిపైన తన బిరుదు చెక్కించాడు: ‘ఈజిప్టును కాపాడేవాడు, పరదేశాలను అణచేవాడు’. కొత్త అక్షరాలు కొన్ని పాతవాటి మీదుగా పోయాయి, కొన్ని పాత గీతల అంచులను వాడుకున్నాయి. గచ్చు నిలిచినంతకాలం పైరాత ఒక్కటే కనిపించేది. శతాబ్దాల మీద గచ్చు రాలిపోయి, తండ్రి బిరుదూ కొడుకు బిరుదూ ఒకేసారి బయటపడ్డాయి. ఆ రెండు రాతలూ కలిసిపోయిన చోట మన కంటికి రెక్క, తోక, ముక్కు అమరిపోయాయి. ప్రచారంలో ఉన్న కొన్ని ఫొటోల్లో పగుళ్లు, అస్పష్టమైన అంచులు చెరిపేయడంతో ఆ పోలిక ఇంకా పెరిగింది.

ఇది పండితులు సర్దుబాటు కోసం అల్లిన కథ కాదు. సేతి బిరుదూ రామ్సెస్ బిరుదూ వేరే కట్టడాల మీద విడివిడిగా, శుభ్రంగా కనిపిస్తాయి. ఆ రెంటినీ ఒకదాని మీద ఒకటి పేర్చి చూస్తే దూలం మీది గీతలు ఒక్కొక్కటిగా ఎక్కడివో తేలిపోతుంది. రామ్సెస్ 66 ఏళ్లు ఏలినవాడు. ఇతరుల కట్టడాల మీద తన పేరు వేయించుకోవడంలో ఆయనకు మించిన ఫారో లేడనే చెప్పాలి.

నన్ను ఎక్కువగా కదిలించేది దీని వెనకున్న తండ్రీకొడుకుల సంగతి. అదే గుడిలో రామ్సెస్ వేయించిన పెద్ద శాసనం ఒకటుంది. రాజైన తొలి ఏడాదే తాను అబైడోస్‌కు వచ్చానని, తండ్రి మొదలుపెట్టిన గుడి అసంపూర్తిగా పడి ఉండటం చూశానని, దాన్ని పూర్తి చేయించడం కొడుకుగా తన ధర్మమని అందులో చెప్పుకున్నాడు. తండ్రి గుడి నిలబెట్టినవాడూ, తండ్రి బిరుదు మీద గచ్చు పూసినవాడూ ఒక్కడే. సేతి కాలపు గోడల మీద ఉన్నవి ఉబ్బెత్తు చెక్కడాలు, ఎంతో నాజూకైన పని. రామ్సెస్ కాలంలో లోతుగా, వేగంగా తొలిచే పద్ధతి పెరిగింది. ఒకే గుడిలో నడుస్తూ రెండు తరాల చేతిపనిని పోల్చి చూడగల చోటు అది. హెలికాప్టర్ అనగానే ఈ కథంతా మాయమైపోతుంది.

ఈజిప్టులోనే ఉన్న డెండెరాలోనూ ఇలాంటిదే జరిగింది. అక్కడ హాథోర్ దేవత ఆలయం కింద ఇరుకైన రహస్య గదులున్నాయి. వాటి గోడ మీద తామరపువ్వులోంచి పాము బయటికి సాగుతున్నట్టు, దాని చుట్టూ పొడవాటి బుడగలాంటి గీత ఉన్నట్టు చెక్కారు. కొందరు దాన్ని విద్యుత్ బల్బు అన్నారు. పామును ఫిలమెంటనీ, తామర తూడును తీగ అనీ, పక్కన చేతులు చాచి ఆసరాగా నిలిచిన స్తంభాన్ని ఇన్సులేటర్ అనీ చెప్పారు. ఆ స్తంభం ఈజిప్టు అంతటా, తాయెత్తుల మీద కూడా కనిపించే ‘జెద్’. ఒసిరిస్ వెన్నెముకకు, స్థిరత్వానికి గుర్తు. పాము రూపంలో ఉన్నది హాథోర్ కొడుకైన హర్సోమ్టస్, సృష్టి మొదట్లో తామరలోంచి వెలువడే దేవుడు. బొమ్మల పక్కనే చెక్కిన వాక్యాలు ఆ బొమ్మలు చూపే విగ్రహాలను ఏ లోహంతో చేయాలో కూడా చెబుతాయి. పైగా ఈ ఆలయం పిరమిడ్ల నాటి కట్టడం కూడా కాదు. క్రీ.పూ. 54లో, క్లియోపాత్రా తండ్రి పన్నెండో టోలెమీ కాలంలో మొదలైంది. గ్రీకులూ రోమన్లూ తిరుగాడుతున్న రోజులవి. అప్పుడు ఈజిప్టులో కరెంటు దీపాలు వెలిగి ఉంటే వాళ్లలో ఒక్కరైనా రాయకుండా ఉంటారా?

సమాధుల్లో మసి లేదు కాబట్టి కరెంటు దీపాలే వాడి ఉంటారన్నది మరో వాదన. డెండెరా గుడి పైకప్పు మీదైతే శతాబ్దాల మసి దట్టంగా పేరుకుని ఉండేది. ఇటీవలి కాలంలో దాన్ని తుడిచాకే అడుగున నీలి రంగు ఆకాశం, నక్షత్ర దేవతలు బయటపడ్డారు. రాజుల లోయలో సమాధులు తొలిచినవాళ్లు ఉండే ఊరు దేర్ ఎల్ మెదీనాలో దొరికిన రాతి పలకల మీద, పనికోసం ఇచ్చిన దీపపు వత్తుల లెక్కలున్నాయి. ఏ రోజు ఎన్ని ఖర్చయ్యాయో గుమాస్తాలు రాసిపెట్టారు. ఇంతకు మించిన సాక్ష్యం ఏం కావాలి?

ఈజిప్షియన్లు తమ పనితనాన్ని దాచుకున్నవాళ్లు కారు. థీబ్స్‌లో రెఖ్మిరె అనే మంత్రి సమాధి గోడల మీద ఇటుకలు పోసేవాళ్లు, కాళ్లతో తిత్తులు తొక్కుతూ లోహం కరిగించేవాళ్లు, వడ్రంగులు, పరంజా ఎక్కి పెద్ద విగ్రహానికి మెరుగుపెట్టేవాళ్లు ఉన్నారు. ఇంకా పాతది, క్రీ.పూ. 1900 ప్రాంతంలోని జెహుతిహోతెప్ సమాధి చిత్రం. అందులో జారుడు బండికి కట్టిన బరువైన విగ్రహాన్ని 172 మంది నాలుగు వరసల్లో తాళ్లు పట్టి లాగుతుంటారు. విగ్రహం పాదాల దగ్గర ఒకడు నిలబడి బండి ముందు నీళ్లు పోస్తుంటాడు. ఇది పూజకు సంబంధించిన తంతు అని చాలాకాలం అనుకున్నారు. 2014లో ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయ భౌతిక శాస్త్రవేత్తలు ప్రయోగం చేసి, ఇసుకను సరైన పాళ్లలో తడిపితే లాగడానికి కావలసిన బలం సగానికి తగ్గుతుందని తేల్చారు. పొడి ఇసుక బండి ముందు గుట్టగా పేరుకుంటుంది. తడి ఇసుక గట్టిపడి అలా పేరుకోదు. ప్రాచీన సాంకేతికత చెక్కడాల్లో, చిత్రాల్లో దాగి ఉందనే మాట నిజమే. వెతికే చోటే తప్పు.

చిత్రాలే కాదు, రాతలూ ఉన్నాయి. 2013లో ఎర్రసముద్రం ఒడ్డున వాదీ అల్ జర్ఫ్ దగ్గర పురావస్తు శాస్త్రవేత్త పియెర్ తాలే బృందానికి పపైరస్ చుట్టలు దొరికాయి. గ్రేట్ పిరమిడ్ కట్టించిన ఖుఫూ కాలంనాటివి. ఈజిప్టులో ఇప్పటిదాకా దొరికిన రాత పపైరస్‌లలో అన్నిటికన్నా పాతవి. వాటిలో మెరెర్ అనే అధికారి రోజువారీ నమోదులున్నాయి. తన కింద ఉన్న దాదాపు 40 మంది దళంతో టూరా గనుల్లో సున్నపురాయి పడవకెత్తించి, నైలు, కాలువల మీదుగా గిజాకు చేర్చి, మళ్లీ టూరాకు తిరిగిరావడం. పది రోజుల్లో రెండు మూడు సార్లు ఆ ప్రయాణం. రాత్రి ఎక్కడ బస చేశారో కూడా రాసుకున్నాడు. పిరమిడ్‌కు రాయి ఎలా వచ్చిందని పిల్లలు అడిగినప్పుడు మనం ముందుగా చూపించవలసినది మెరెర్ రాసిన ఆ పుటలనే.